చిన్నాకి పెద్దమ్మ రాసేది

ఒరేయ్ చిన్నా,

నెదర్లాండ్స్‌లోని నైమేఖెన్‌లో పీహెచ్‌డీ సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పసిపిల్లలు విన్న మాటల్ని ఎలా గుర్తుపడతారో కంప్యూటర్‌లో మోడల్ చేస్తావట. నా పని అర్థమయ్యేవాడు మన ఇంట్లో ఒకడు తయారయ్యాడని ముందు వీధంతా చెప్పుకుని తిరిగాను. తర్వాత టెన్షన్ పట్టుకుంది, అందుకే ఈ ఉత్తరం.

కోడ్ రెండు చోట్ల దాచుకో. ఏ రన్‌కి ఏ సెట్టింగ్ పెట్టావో అప్పుడే రాసుకో. అక్కడ వానలోనూ సైకిల్ మీదే తిరుగుతారు, మంచి రెయిన్‌కోట్ కొనుక్కో. ఇవి నీకెలాగూ తెలుసు.

నీకు తెలిసినా నువ్వు పట్టించుకోవని నేను భయపడేది ఇంకొకటుంది. అది మా తరం అంతా చేసిన తప్పు. తల్లులు పిల్లలతో మాట్లాడిన రికార్డింగులు ఉండేవి. వాటిని కాగితం మీద పెట్టి, డిక్షనరీ చూసి ప్రతి మాటకీ ధ్వనులు రాసి, మధ్యలో ఖాళీలు తీసేసేవాళ్ళు. మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో మెషీన్ కనిపెట్టాలి. 1996లో బ్రెంట్, కార్ట్‌రైట్ అనే పరిశోధకులు చేసిందీ, 2009లో గోల్డ్‌వాటర్ బృందం చేసిందీ ఈ లెక్కే. అందరూ వాడిన డేటాలో 9,790 వాక్యాలుంటాయి. వాళ్ళ గణితం మంచిదే, తీసిపారేయకు. కానీ ఆ కాగితం మీద ‘డాగ్’ ఎవరన్నా ఎప్పుడన్నా ఒకేలా ఉంటుంది. పిల్లకి అలా వినిపిస్తుందా? తల్లి నిద్రమత్తులో ఒకలా అంటుంది, పాడుతూ ఇంకోలా అంటుంది, కుక్కర్ విజిల్ మధ్యలో సగం మింగేస్తుంది. పైగా తన భాషలో ఏ ధ్వనులున్నాయో ఆ పిల్ల అప్పుడే నేర్చుకుంటోంది. ధ్వనులు ముందే విడదీసి ఇచ్చేశామంటే, పరీక్షలో సగం జవాబులు మనమే రాసి ఇచ్చినట్టు.

ఆ అలవాటు ఇంకా పోలేదు. 2024లో వచ్చిన ఒక పరిశోధనలో, అంతకుముందు ఆస్ట్రేలియాలో ఒక బాబు తలకి కెమెరా పెట్టి, ఆరో నెల నుంచి ఇరవై అయిదో నెల దాకా తీసిన 61 గంటల వీడియోతో మోడల్‌కి మాటల అర్థాలు నేర్పారు. గొప్ప పని. అందులో కూడా మాటలు రాతలోనే ఇచ్చారు. వాళ్ళ ప్రశ్న అర్థం గురించి, కాబట్టి సరిపోయింది. నీ ప్రశ్న వినడం గురించి. నువ్వు శబ్దంతోనే మొదలుపెట్టాలి, ఎంత చికాకైనా.

దాని వెనకే వచ్చేది మార్కుల పిచ్చి. స్కోరు పెరిగితే మోడల్ బాగుపడిందనుకుంటావు. పసివాడి స్కోరు ఎంతో చూశావా? 1995లో జుస్చిక్, ఆస్లిన్ అనే పరిశోధకులు ఏడున్నర నెలల పిల్లలకి ‘ఫీట్’, ‘కప్’ లాంటి మాటలు కాసేపు వినిపించి, తర్వాత అవే మాటలున్న కథ వినిపించారు. పిల్లలు వాటిని పట్టుకున్నారు. ముందు ‘ఫీట్’కి బదులు ‘జీట్’ అని వినిపిస్తే, కథలో ‘ఫీట్’ వచ్చినా పట్టించుకోలేదు. అంత నిక్కచ్చి. కానీ 2000లో హ్యూస్టన్, జుస్చిక్ చూస్తే, అదే వయసు పిల్లలు ఆడగొంతులో విన్న మాటని మగగొంతులో గుర్తుపట్టలేకపోయారు. పదిన్నర నెలలకి పట్టారు. నీ మోడల్ మొదటి రోజు నుంచే ఏ గొంతైనా పట్టేస్తుంటే స్వీట్లు పంచకు. అది మంచి మెషీన్ అయ్యుండొచ్చు, పసిబిడ్డ మాత్రం కాదు. బిడ్డ తడబడే చోట తడబడాలి, తర్వాత సర్దుకోవాలి.

నీకు ఏడో నెలలో మీ అమ్మ వంటింట్లోంచి పిలిస్తే గిరుక్కున తిరిగేవాడివి. మీ నాన్న అదే పేరుతో పిలిస్తే ఫ్యాన్ వంక చూసేవాడివి. పాపం ఆయన మొహం చిన్నబుచ్చుకునేవాడు. ఇదొక ప్రయోగమని నీ థీసిస్‌లో రాసేవు, ఖబడ్దార్! నీకు ఆకలేసి ఉండొచ్చు, ఫ్యాన్ నచ్చి ఉండొచ్చు. అందుకే చెబుతున్నా, కంప్యూటర్ ముందు కూర్చునే ముందు ఆర్నెల్ల పిల్లల పక్కన కూర్చో.

ఎందుకంటే పిల్లలు జవాబు చెప్పరు, మాట వచ్చే వైపు తలతిప్పి చూస్తారంతే. ఎంతసేపు విన్నారన్నదే మన కొలత. 1995 ప్రయోగంలో తెలిసిన మాటల్ని ఎక్కువసేపు విన్నారు. మరుసటేడు శాఫ్రాన్ బృందం ఎనిమిది నెలల పిల్లలకి రెండు నిమిషాలు ‘గొలాబు, బిడాకు’ అంటూ అర్థంలేని మాటలు ఆపకుండా వినిపిస్తే, తర్వాత పరీక్షలో పిల్లలు కొత్తవాటినే ఎక్కువసేపు విన్నారు. అంటే ‘గుర్తుపట్టడం’ వేరు, ‘చూడటం’ వేరు. మోడల్‌లోని అంకె చూపుగా ఎలా మారుతుందో విడిగా రాయి, ఫలితం చూడకముందే రాయి. తర్వాత గీత జరిపావంటే నీ ప్రొఫెసర్ ఊరుకున్నా నేనూరుకోను.

తెలుగు మీద చేస్తానని సరదాపడకు, కనీసం మొదటి ఏడాది. ‘అమ్మొచ్చింది’లో ‘అమ్మ’ అనే మాట ఎక్కడ ఆగిందో నువ్వే చెప్పలేవు.

నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటి. ఇప్పుడు పిల్లల చొక్కా జేబులో రికార్డర్ పెడతారు, పదహారు గంటలు నడుస్తుంది. బిడ్డ మాటలతో పాటు ఆ ఇంట్లో తగాదాలు, అప్పుల మాటలు, ఏడుపులు అన్నీ పడతాయి. నేను పనిచేసే రోజుల్లో ఒకాయన సెమినార్‌లో ముచ్చటగా ఒక ముక్క వినిపించాడు. వెనకాల ఆ తల్లి ఫోన్‌లో ఎవరినో బతిమాలుకుంటోంది. హాలంతా విన్నాం. రికార్డింగ్‌కి ఒప్పుకుని ఆవిడ సంతకం పెట్టింది నిజమే, ఇలా అందరికీ వినిపించడానికి కాదు. ఎవరికైనా వినిపించే ముందు ముక్క మొత్తం నువ్వు హెడ్‌ఫోన్స్‌లో విను, అనుమానముంటే తీసేయ్. డేటా నీ సొంత ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకోకు, స్నేహితుడికి ఇవ్వకు, నాకూ పంపకు.

నీ ప్లాన్ రెండు పేజీల్లో రాసి పంపు, కోడ్ వద్దు, నా కళ్ళు ఓపలేవు. ఎర్ర పెన్ను తీసి పెట్టుకుంటాను.

పెద్దమ్మ