రాక్ గాయకుడి వ్యాసం రాసిన తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

ఫ్రెడ్డీ మెర్క్యురీ మీద నువ్వు వికీపీడియాకి రాసిన వ్యాసం చదివాను. ఏ గ్రేడ్ వస్తుందని అడిగావు కదా, ఇంగ్లీషు వికీ లెక్కన చూస్తే స్టబ్, స్టార్ట్ అనే కింది మెట్లు దాటి 'సి' దగ్గర ఆగుతుంది. పొడుగు సరిపోయింది, పొగడ్తే ఎక్కువైంది.

మొదటి పేరాలోనే "ప్రపంచాన్ని ఉర్రూతలూగించిన గాన గంధర్వుడు" అన్నావు. అభిమాన సంఘం ఫ్లెక్సీ మీదైతే బాగుంటుంది. ఇక్కడ కొట్టెయ్. దాని బదులు 1985 జూలై 13న లండన్ వెంబ్లీ స్టేడియంలో జరిగిన లైవ్ ఎయిడ్ అనే విరాళాల కచేరీ గురించి రాయి. ఆయన బృందం క్వీన్ వేదిక మీద ఉన్నది సుమారు 20 నిమిషాలు. మధ్యలో ఆయన "ఏ... ఓ" అని రాగం తీస్తే 70 వేల పైచిలుకు జనం అదే రాగం తిరిగి అందుకున్నారు. ఇంతవరకు రాసి, మూలం ఇచ్చి ఊరుకో. గంధర్వుడో కాదో చదివేవాళ్ళు తేల్చుకుంటారు.

"భారతదేశంలో పుట్టిన" అన్నది తప్పు. ఆయన 1946 సెప్టెంబర్ 5న తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్‌లో పుట్టాడు, అసలు పేరు ఫర్రోఖ్ బుల్సారా. తల్లిదండ్రులు మన దేశం నుంచి వెళ్ళిన పార్సీలు. చదివింది మహారాష్ట్రలోని పంచగనిలో సెయింట్ పీటర్స్ స్కూల్లో. అక్కడే తోటి కుర్రాళ్ళతో కలిసి ది హెక్టిక్స్ అనే బ్యాండ్ కట్టాడు. మనవాడని చెప్పుకోవాలన్న సరదా నాకూ ఉంది గానీ, అందుకు పంచగని చాలదూ?

జబ్బు గురించిన భాగానికి 2018లో వచ్చిన సినిమాని నమ్ముకున్నట్టున్నావు. అందులో లైవ్ ఎయిడ్‌కి ముందే ఆయన బృందానికి సంగతి చెప్పేస్తాడు. జీవితచరిత్రల ప్రకారం పరీక్షలో తేలింది 1987లో. తనకు ఎయిడ్స్ ఉందని లోకానికి ప్రకటించింది 1991 నవంబర్ 23న, మర్నాడే పోయాడు. ఆ తేదీలుంటే "విధి వక్రించింది" అక్కర్లేదు.

ఆల్బమ్‌ల పట్టిక బాగుంది, ముట్టుకోకు.

గ్రేడ్ మాత్రం నువ్వే వేసుకోకు. 'గుడ్ ఆర్టికల్' అనే పై గ్రేడుకైతే రూలే ఉంది, వ్యాసంలో పెద్దగా చెయ్యి పెట్టినవాళ్ళు సమీక్ష చేయకూడదు. చర్చా పేజీలో ఎవరైనా "మూలం ఎక్కడ?" అంటే టెన్షన్ పడకు, అలగకు. ముందుగా పట్టుకునేది నీ "నాలుగు ఆక్టేవుల గొంతు" వాక్యాన్నే, అంటే నాలుగు స్థాయిల్లో పాడగలడన్న మాటనే. 2016లో స్వర పరిశోధకులు ఆయన రికార్డింగులు పరిశీలించి, ఆ మాటను నిర్ధారించలేకపోయారు. "అంటారు" అని మార్చి, ఆ పరిశోధన సంగతీ పక్కనే పెట్టు. అది అయ్యాక లింకు పంపు, మళ్ళీ చూస్తాను.

— అన్నయ్య