ఏ ఇంప్లాంట్ వేయిస్తే అమ్మ త్వరగా లేస్తుంది?

చిరంజీవి రవికి,

పెద్దమ్మ ఆశీస్సులు. అమ్మ మోకీలు మార్పిడి ఆపరేషన్‌కు ఆసుపత్రివాళ్లు ఇచ్చారని నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్యాకేజీల కాగితం చూశాను. అరిగిన కీలు బదులు పెట్టే ఇంప్లాంట్లు మామూలుది, హై ఫ్లెక్స్, బంగారు రంగుది అని మూడు రాశారు. ఖరీదైనది వేయిస్తే మీ అమ్మ తొందరగా లేచి తిరుగుతుందా అన్నదే కదా నీ టెన్షన్? ఇన్నేళ్లు ఆసుపత్రిలో మోకాళ్ల ఆపరేషన్ అయినవాళ్లను నడిపించినదాన్ని కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. లేచి తిరగడానికీ ఆ రంగుకీ సంబంధం లేదు.

ఆ బంగారు రంగు చాలావరకు టైటానియం కలిసిన పైపూత. లోపల ఉండేది ఎప్పటి కోబాల్ట్ క్రోమియం లోహమే. అరుగుదల తగ్గాలనీ, నికెల్ పడనివాళ్లకు ఇబ్బంది రాకూడదనీ ఆ పూత వేస్తారు. మీ అమ్మకు గిల్టు నగలు పెట్టుకుంటే దద్దుర్లు వస్తాయి కదా, ఆ సంగతి డాక్టరుగారికి తప్పకుండా చెప్పు. పూత వల్ల లాభమంటూ ఉంటే అది ఏళ్ల తర్వాత తేలే విషయం. మొదటి ఆరు వారాల నొప్పీ వాపూ ఏ రంగుకైనా ఒకటే.

హై ఫ్లెక్స్ సంగతి ఇంకా విచిత్రం. ఎక్కువ వంగడానికి వీలుగా తయారుచేసిన మాట నిజమే. కానీ మామూలుదానితో పోల్చి చేసిన పరీక్షల్లో పేషెంట్ల మోకాళ్లు వంగడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆపరేషన్ తర్వాత ఎంత వంగుతుందో ముందే చాలావరకు చెప్పేది ఆపరేషన్‌కు ముందు ఎంత వంగుతోందన్నదే. అందుకని అమ్మ చేత ఈ రోజు నుంచే వ్యాయామం మొదలుపెట్టించు. కుర్చీలో కూర్చుని కాలు చాపి, తొడ కండరం బిగించి, పది లెక్కపెట్టి దించాలి.

డబ్బు గురించి ఒక మాట. 2017 ఆగస్టులో కేంద్రం ఇంప్లాంట్ల ధరలకు హద్దు పెట్టినప్పుడు కోబాల్ట్ క్రోమియంకు 54,720 రూపాయలు, హై ఫ్లెక్స్‌కు 56,490, టైటానియం రకానికి 76,600 అని నిర్ణయించారు, జీఎస్టీ కాకుండా. మొదటి రెండింటికీ తేడా అప్పుడు రెండు వేలు కూడా లేదు చూశావా? ప్యాకేజీల మధ్య లక్ష తేడా చూపిస్తుంటే అది దేనికో విడివిడిగా రాసిమ్మని అడుగు. మొహమాటపడకు.

డిజైన్ వల్ల కోలుకోవడంలో నిజంగా తేడా వచ్చేది ఒక చోట ఉంది, దాని గురించి మాత్రం ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు. కీలు లోపలి వైపు మాత్రమే అరిగి, లిగమెంట్లు (ఎముకలను పట్టి ఉంచే పట్టీలు) బాగుంటే, అరిగిన ఆ భాగాన్నే మార్చే సగం మార్పిడి చేయవచ్చు. కోత చిన్నది, ఎముక తక్కువ తీస్తారు, మనిషి త్వరగా తేరుకుంటుంది. దానికీ ఒక మెలిక ఉంది. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం పూర్తి మార్పిడుల్లో నూటికి 82 దాకా పాతికేళ్లు నిలుస్తాయి, సగం మార్పిడిలో 70. మామూలు అరుగుదల కాకుండా, ఒంట్లో కీళ్లన్నీ వాచే రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవాళ్లకు సగం మార్పిడి పనికిరాదు. అమ్మకు ఏది సరిపోతుందో నిలబెట్టి తీసిన ఎక్స్‌రే చూసి సర్జన్ చెప్పాలి. పడుకోబెట్టి తీసినది చాలదు.

వెనకవైపు లిగమెంట్ ఉంచే రకమా, తీసేసి దాని పని ప్లాస్టిక్ కొమ్ము చేసే రకమా అన్నది సర్జన్‌కే వదిలెయ్యి. ఆయన రోజూ వేసేది, చెయ్యి తిరిగినది వెయ్యడమే మంచిది.

సైజు గురించి మాత్రం అడుగు. మన ఆడవాళ్ల ఎముకలు చిన్నవి. లోహపు ముక్క ఎముక అంచు దాటి కొన్ని మిల్లీమీటర్లు బయటికి వచ్చినా కండ రాసుకుని నొప్పి పెడుతుంది. చెప్పు ఎంత ఖరీదైనా సైజు కుదరకపోతే కరిచినట్టే. చిన్న సైజులు సెట్‌లో ఉన్నాయా అని ముందే కనుక్కో. థియేటర్‌లో అసలుది బిగించే ముందు నమూనా ముక్కలు పెట్టి కాలు వంచి, చాపి చూస్తారు. రెండు లోహపు ముక్కల మధ్యలో పెట్టే ప్లాస్టిక్ మందమైతే కాలు పూర్తిగా చాపుకోదు, పలచనైతే కీలు ఊగుతుంది. అక్కడ ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ మార్చి కుదిర్చే ఓపిక ఉన్న సర్జన్ దొరకడం ప్యాకేజీ కంటే ముఖ్యం.

ఇక ఇంటికొచ్చాక. ప్రేమ కొద్దీ అందరూ మోకాలి కింద దిండు పెడతారు. పెట్టనివ్వకు. కాలు వంగి అలాగే బిగుసుకుపోతే తర్వాత నడక కుంటుతుంది. తువ్వాలు చుట్టి మడమ కింద పెట్టి, మోకాలిని మంచానికి ఆనేలా నొక్కమను. వ్యాయామానికి అరగంట ముందు నొప్పి మాత్ర వెయ్యి. ఏడుస్తుంది, నిన్ను తిడుతుంది, అయినా మానిపించకు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు.

నడుస్తుంటే కీలులో టక్కుమని చప్పుడైతే కంగారుపడొద్దు, లోహం ప్లాస్టిక్‌కు తగిలే శబ్దం అది. కుట్ల పక్కన తిమ్మిరి, కొన్ని నెలల పాటు కాస్త వాపు, వేడి ఉండడం మామూలే. పిక్క ఉబ్బి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము కారినా మాత్రం నాకు ఫోన్ చేసి కూర్చోకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లు.

కింద బాసింపట్టు వేసుకుని కత్తిపీట ముందు కూర్చోవడం ఇక కుదరదని అమ్మకు ఇప్పుడే చెప్పు. ఆపరేషన్ అయ్యాక చెబితే మోసం చేశావంటుంది. వంటింట్లో ఎత్తు బల్ల ఒకటి, బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ ఒకటి ఈలోపే పెట్టించు.

డిశ్చార్జి కాగితాల్లో ఇంప్లాంట్ స్టిక్కర్లు అంటించారో లేదో చూసుకో. కంపెనీ, మోడల్, సైజు, లాట్ నంబరు వాటి మీదే ఉంటాయి. ఎప్పుడైనా మళ్లీ ఆ కాలు విప్పాల్సి వస్తే సర్జన్ మొదట అడిగేది అదే. ఫోటో తీసి ఒకటి నాకూ పంపు, నీ ఫోన్ సంగతి నాకు తెలుసు. షుగర్ రిపోర్టు వచ్చాక తారీఖు ఖాయం చెయ్యి, నేను రెండు రోజుల ముందే వస్తాను.

మీ పెద్దమ్మ