పొట్టి జట్టు గెలుపు నమ్మేలా ఉండాలంటే

మీ పిల్లల నవల్లో పొట్టి పిల్లల బాస్కెట్‌బాల్ జట్టు పొడుగు జట్టుని ఎలా ఓడిస్తే నమ్మేలా ఉంటుందని అడిగారు కదండీ. చివరి క్షణంలో అద్భుతాలు వద్దు, 8 సెకన్ల నిబంధన వాడుకోండి. బంతి దొరికిన జట్టు ఆలోగా సగం కోర్టు దాటాలి, లేకపోతే బంతి ఎదుటివాళ్లకి పోతుంది. మీవాళ్లు కోర్టంతా ప్రెస్ చేస్తే, అంటే ఎదుటివాళ్లని కోర్టు పొడుగునా వెంటాడి అడ్డుకుంటే, పొడుగు కుర్రాడు కంగారుగా బంతిని నేలకి కొడుతూ డ్రిబుల్ చేస్తాడు. బంతి వాడి నడుం దాకా లేస్తుంది, మీ పొట్టి జట్టులోని పాప చెయ్యి సరిగ్గా అక్కడే ఉంటుంది. ఆ లాక్కునే ఘట్టానికి ఒక పేజీ ఇవ్వండి. రీబౌండ్లలో, అంటే బుట్టలో పడక తిరిగొచ్చిన బంతిని అందుకోవడంలో మాత్రం మీవాళ్లు దెబ్బతినాల్సిందే, అక్కడ జాలిపడకండి. 5 అడుగుల 3 అంగుళాల మగ్సీ బోగ్స్ అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో 14 సీజన్లు ఆడాడు, 1993లో ఏడడుగుల పాట్రిక్ యూయింగ్ షాట్‌ని ఆపాడు కూడా! ఈ సంగతి కోచ్ నోట చెప్పించండి. ప్రెస్ ఘట్టం రాశాక ఇక్కడ పెట్టండి, తప్పకుండా చదువుతాను.