ఎఫ్-150, సిల్వరాడో, ర్యామ్, టండ్రా: ఇంటిల్లిపాదీ ఎక్కే పికప్ ఏది?

మీ ప్రశ్న సారాంశం ఇది. ఇల్లు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. ఇద్దరు పిల్లలు. ఏటా కొన్ని నెలలు అమ్మానాన్నలు వచ్చి ఉంటారు. ఆఫీసు పావుగంట దూరం. వేసవిలో నాలుగైదు సార్లు సామానుతో కలిపి 6,000 పౌండ్లుండే ట్రావెల్ ట్రైలర్ లాగాలి. బండి పదేళ్ళు ఉంచుకుంటారు. ఫోర్డ్, షెవీ, ర్యామ్, టొయోటా నాలుగింటిలో ఏది మొరాయించదు, ఏది సుఖంగా ఉంటుందని అడిగారు.

కంపెనీ పేరుతో మొదలుపెడితే ఈ ప్రశ్న తెగదు. ఒకే కంపెనీ ట్రక్కులో ఒక ఇంజిన్ రెండు లక్షల మైళ్ళు హాయిగా తిరుగుతుంది, దాని పక్క ఇంజిన్ రీకాల్‌లో, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలిచిన జాబితాలో, ఉంటుంది. చూడాల్సింది ఇంజిన్, గేర్‌బాక్స్, మోడల్ సంవత్సరం. వాటికంటే ముందు డ్రైవర్ తలుపు తీస్తే ఫ్రేమ్ మీద కనిపించే పసుపు, తెలుపు స్టిక్కర్.

స్టిక్కర్ సంగతి ముందు తేల్చుకోండి, సగం బళ్ళు అక్కడే పక్కకు పోతాయి. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని దాని మీద ఉంటుంది. అదే పేలోడ్. ప్రకటనల్లో 11,000, 13,000 పౌండ్లు లాగుతుందని ఊదరగొడతారు గానీ, కుటుంబంతో వెళ్ళేవాళ్ళకి టోయింగ్, అంటే లాగే పరిమితి, కంటే ముందు పేలోడ్ అయిపోతుంది. మీ లెక్కే వేద్దాం. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే ట్రైలర్ తగిలించే కొక్కెం మీద, పడుతుంది. 13 శాతం అనుకుంటే 780 పౌండ్లు. బరువు పంచే హిచ్ సామగ్రి 90. మీ నలుగురూ సుమారు 470. వెనక బెడ్‌లో, అంటే సామాను తొట్టిలో, కూలర్, కుర్చీలు, గ్యాస్ పొయ్యి వగైరా 100. మొత్తం 1,440. అమ్మానాన్నలు కూడా ఎక్కితే ఇంకో 290, అంటే 1,730.

ఇప్పుడు డీలర్ దగ్గర నిలబడి స్టిక్కర్లు చదవండి. ట్రిమ్, అంటే హంగుల స్థాయి, పెరిగేకొద్దీ పేలోడ్ తగ్గుతుంది. పనోరమిక్ రూఫ్, కరెంటు మెట్లు, 22 అంగుళాల చక్రాలు, ఎయిర్ సస్పెన్షన్, వీటన్నిటి బరువూ అందులోంచే పోతుంది. అన్ని హంగులూ ఉన్న ట్రక్కుల మీద 1,200, 1,300 కనిపించడం మామూలే. అదే మోడల్ మధ్య రకం ట్రిమ్‌లో 1,700 పైన దొరుకుతుంది. ఆన్‌లైన్ బ్రోషర్ అంకెలు నమ్మొద్దు. సేల్స్‌మన్‌ని ఆ బండి స్టిక్కరే ఫొటో తీసి పంపమనండి. ఇంకో మాట, ఆరుగురు ఎక్కాలంటే ముందు వరసలో కూడా ముగ్గురు కూర్చునే బెంచ్ సీటు ఉండాలి. ఎక్స్‌ఎల్‌టీ, ఎల్‌టీ, బిగ్ హార్న్ లాంటి ట్రిమ్‌లలో అది దొరుకుతుంది. పైకి వెళ్తే రెండు సీట్లు, మధ్యలో పెద్ద కన్సోల్.

ఇక ఇంజిన్లు. ఎఫ్-150లో నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది 5.0 లీటర్ల వీ8. టర్బోలు లేవు, 400 హార్స్‌పవర్, మీ ట్రైలర్‌కి సరిపోతుంది. 2018 నుంచి 2020 దాకా వచ్చిన వాటిలో కొన్ని నూనె ఎక్కువగా తాగేవి, పాత బండి చూస్తుంటే అది గుర్తుంచుకోండి. ఫోర్డ్ టర్బో ఇంజిన్ 3.5 ఎకోబూస్ట్ లాగడంలో దీన్ని మించుతుంది. కానీ 2017-2020 బళ్ళలో క్యామ్ ఫేజర్లు (వాల్వులు తెరుచుకునే సమయాన్ని సర్దే భాగాలు) అరిగి, రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గరగరలాడేది. ట్రైలర్ లేకపోతే 2.7 ఎకోబూస్ట్ చక్కని ఇంజిన్. 2021, 2022లో తయారైన కొన్నిటిలో ఇన్‌టేక్ వాల్వులు విరిగే ప్రమాదం ఉండి రీకాల్ చేశారు, కాబట్టి ఆ ఏళ్ళ బండి అయితే విన్ నంబర్‌తో (బండి గుర్తింపు సంఖ్యతో) సరిచూసుకోండి.

ఫోర్డ్‌లో అసలు చూడాల్సింది 10 స్పీడ్ గేర్‌బాక్స్. దానిలో ఒక క్లచ్ డ్రమ్ లోపలి బుషింగ్ చోటు తప్పితే నూనె ఒత్తిడి లీకై, గేర్లు ఆలస్యంగా పడి దబ్బుమంటాయి. ఆ డ్రమ్‌ని తర్వాత మార్చారు. ఇది పాత బండిలో ఉందో లేదో తెలియాలంటే హైవే మీద తిప్పితే లాభం లేదు. గంటకు 40 మైళ్ళ నుంచి బ్రేకు తేలిగ్గా నొక్కుతూ 10కి రండి, మళ్ళీ మెల్లగా యాక్సిలరేటర్ తొక్కండి. ఇలా ఐదారు సార్లు చేయండి. వెనకనుంచి ఎవరో తోసినట్టు కుదుపు వస్తే ఆ బండి వదిలేయండి.

షెవీ సిల్వరాడో, జీఎంసీ సియెరా లోపల ఒకటే. 6.2 లీటర్ల వీ8 మంచి ఊపున్న ఇంజిన్, కానీ 2021-2024 బళ్ళని 2025 ఏప్రిల్‌లో రీకాల్ చేశారు, అమెరికాలోనే దాదాపు 6 లక్షలు. క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ల తయారీ లోపం వల్ల బేరింగ్ పోయి ఇంజిన్ నడిరోడ్డు మీద ఆగిపోతుంది. పరీక్షలో ఫెయిలైతే ఇంజిన్ మారుస్తారు, పాసైతే 0డబ్ల్యూ-20 బదులు చిక్కటి 0డబ్ల్యూ-40 ఆయిల్ పోసి కొత్త మూత బిగిస్తారు. చిక్కటి నూనె పోసి పంపిన ఇంజిన్‌ని పదేళ్ళు ఉంచుకునేందుకు కొనమని నేను చెప్పలేను. 5.3 వీ8 ఆ జాబితాలో లేదు. దాని బలహీనత లిఫ్టర్లు, అంటే వాల్వుల్ని కదిలించే భాగాలు. పెట్రోలు ఆదా కోసం సిలిండర్లు ఆపే ఏర్పాటు ఉంది కదా, ఆ లిఫ్టర్ లోపలి పిన్ను ఇరుక్కుంటే వాల్వు తెరుచుకోదు, పుష్‌రాడ్ వంగుతుంది. ఆ సిలిండర్ మిస్‌ఫైర్ అవుతుంది, హెడ్ విప్పాల్సి వస్తుంది. 3.0 డ్యూరామాక్స్ డీజిల్ లాంగ్ డ్రైవులకి అద్భుతం. మీకు మాత్రం వద్దు. పావుగంట ప్రయాణాల్లో పొగ ఫిల్టర్ శుభ్రపడేంత వేడెక్కదు. పైగా దాని ఆయిల్ పంపు బెల్టు ఇంజిన్ వెనక ఉంటుంది, మార్చాలంటే గేర్‌బాక్స్ దింపాలి.

టండ్రా గురించి మనవాళ్ళ మధ్య ఒక అపోహ ఉంది. "టొయోటా కదా, కళ్ళు మూసుకుని కొనొచ్చు" అంటారు. ఆ పేరు తెచ్చింది 2021 దాకా వచ్చిన 5.7 వీ8. 2022 నుంచి వస్తున్న జంట టర్బో వీ6 వేరే సంగతి. తయారీలో లోహపు రజను ఇంజిన్‌లో మిగిలిపోయి మెయిన్ బేరింగులు పోవడంతో 2024 మేలో 2022, 2023 బళ్ళు దాదాపు లక్ష రీకాల్ అయ్యాయి, 2025 నవంబరులో ఆ రీకాల్‌ని 2024 మోడల్ దాకా పొడిగించారు. తప్పు ఒప్పుకుని ఇంజిన్లు మారుస్తున్నారు, అది మంచిదే. అయినా కొత్త ఇంజిన్ పాతదాని పేరు చూపించి అమ్ముడుపోకూడదు. పాత బండి కొనడానికి సిద్ధమైతే 2018-2021 మధ్య 5.7 టండ్రా ఈ నాలుగింటిలోకీ నిశ్చింతైనది. సిటీలో గ్యాలన్‌కి 13 మైళ్ళు, హైవేలో 17, లోపలి స్క్రీన్ పాతకాలపుది. అంతకుమించి వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు.

ర్యామ్ దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే మీరు సుఖం అడిగారు. ఎఫ్-150, సిల్వరాడో వెనక చక్రాలకి లీఫ్ స్ప్రింగులు, అంటే మన లారీల్లో ఉండే పట్టీలే. ర్యామ్‌కి కాయిల్ స్ప్రింగులు. 2022 నుంచి టండ్రాకి కూడా అవే. బెడ్ ఖాళీగా ఉన్నప్పుడు తేడా తెలుస్తుంది. టోల్‌వే కాంక్రీటు అతుకుల మీద లీఫ్ స్ప్రింగ్ ట్రక్కు వెనక భాగం టకటకా ఎగురుతుంది, వెనక సీట్లో నడుంనొప్పి ఉన్న పెద్దవాళ్ళుంటే మొదటి పది మైళ్ళలోనే చెబుతారు. ర్యామ్ వెనక సీటు వెనక్కి వాలుతుంది, కాళ్ళ జాగా 45.2 అంగుళాలు. ఎఫ్-150లో 43.6, సిల్వరాడోలో 43.4, టండ్రాలో 41.6.

ర్యామ్ 5.7 వీ8 ఇంజిన్, అంటే హెమి, టిక్కు శబ్దం గురించి వినే ఉంటారు. ఆ శబ్దాలు రెండు రకాలు, రెండిటికీ ఖర్చులో చాలా తేడా. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే టిక్ టిక్‌మని, ఐదు పది నిమిషాలకి వేడెక్కాక పోతే అది చాలాసార్లు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగ బయటికి పోయే గొట్టం) బోల్టు విరగడం. లోహం వ్యాకోచించి సందు మూసుకుంటుంది కాబట్టి శబ్దం ఆగుతుంది. ఎక్కువగా వెనక సిలిండర్ల దగ్గరి బోల్టులే విరుగుతాయి, బానెట్ ఎత్తి టార్చి వేస్తే తల లేని బోల్టు కనిపిస్తుంది, చుట్టూ నల్లటి మసి. వేడెక్కినా పోకుండా, ఇంజిన్ తిరిగే వేగంతో పాటు టిక్కుల వేగం కూడా పెరిగితే లిఫ్టర్ రోలర్‌ని అనుమానించాలి. రోలర్ తిరగడం మానేస్తే క్యామ్‌ని గీరేస్తుంది, అప్పుడు క్యామ్, లిఫ్టర్లు అన్నీ మార్చాలి. ఏసీ కోసం గంటలకొద్దీ ఆన్‌లో ఉంచి నిలిపే బళ్ళలో ఇది ఎక్కువని మెకానిక్కులు చెబుతారు.

2025లో హెమి తీసేసి 3.0 హరికేన్ జంట టర్బో పెట్టారు, 2026కి హెమి మళ్ళీ తెచ్చారు. అంతకన్నా మీకు ముఖ్యమైనది, 2026 ర్యామ్‌కి 10 ఏళ్ళు లేదా 1,00,000 మైళ్ళ పవర్‌ట్రెయిన్ వారంటీ. మిగతా మూడింటికీ 5 ఏళ్ళు, 60,000 మైళ్ళు. ర్యామ్ వారంటీ మొదటి యజమానికే, కాబట్టి పాత బండి కొంటూ దాన్ని లెక్కలో వేసుకోవద్దు.

ఎయిర్ సస్పెన్షన్ మాత్రం తీసుకోవద్దు. నిజమే, బండి కిందకి దిగుతుంది, చీర కట్టుకున్న అమ్మగారికి ఎక్కడం తేలిక. కానీ అది పవర్‌ట్రెయిన్ వారంటీలోకి రాదు, పదేళ్ళలో కంప్రెసరో బ్యాగో లీకవక మానదు. దానికి బదులు చక్రం నుంచి చక్రం దాకా వచ్చే వెడల్పైన స్థిరమైన మెట్లు వేయించండి. ఎక్కేటప్పుడు పట్టుకునే హ్యాండిల్ వెనక తలుపు దగ్గర కూడా ఉందో లేదో చూడండి. అమ్మానాన్నలు ఊళ్ళో ఉన్నప్పుడే టెస్ట్ డ్రైవ్‌కి తీసుకెళ్ళి ఎక్కించి దింపి చూస్తే ఇంకా మంచిది. టెక్సస్ ఎండకి సీట్లలోంచి గాలి వచ్చే ఏర్పాటు, వెనక ఏసీ వెంట్లు తప్పనిసరి. చక్రాలు 18 లేదా 20 అంగుళాలే ఎంచుకోండి. 22 అయితే టైరు పక్క గోడ పలచబడి ప్రతి గుంటా నడుముకి తగులుతుంది. డీలర్ లాట్‌లో నిలిపిన బళ్ళకి టైర్లలో గాలి ఎక్కువ కొట్టి ఉండొచ్చు, తలుపు స్టిక్కర్ మీదున్న పీఎస్‌ఐకి తెచ్చాకే నడిపి చూడండి.

నా ఓటు అడిగితే: కొత్త బండి, సుఖం ముందు అంటే 2026 ర్యామ్ బిగ్ హార్న్, కాయిల్ స్ప్రింగులు, 3.92 గేర్ నిష్పత్తి ఉన్న వెనక యాక్సిల్. లాగడం, పేలోడ్ ముందు అంటే ఎఫ్-150 ఎక్స్‌ఎల్‌టీ 5.0. ఫోర్డ్ హైబ్రిడ్‌కి 7.2 కిలోవాట్ల జనరేటర్ పెట్టించుకోవచ్చు. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సస్‌లో కరెంటు పోయినప్పుడు కొందరు దానితోనే ఇంట్లో హీటరు, ఫ్రిజ్ నడిపారు. అయితే ఆ హైబ్రిడ్‌లో భాగాలు ఎక్కువ, పేలోడ్ తక్కువ.

ఏది కొన్నా ఆయిల్ 5,000 మైళ్ళకే మార్చండి, స్క్రీన్ మీద ఆయిల్ ఆయుష్షు ఇంకా 40 శాతం చూపించినా సరే. హెమికి 7 క్వార్ట్‌లు, 5.3కి 8, 3.5 ఎకోబూస్ట్‌కి 6 పడతాయి. ట్రైలర్ లాగేవాళ్ళు గేర్‌బాక్స్ నూనె 60,000 మైళ్ళకి మార్పించాలి. జీవితకాలం చాలుతుందని డీలర్ అంటే, ఎవరి జీవితకాలమో అడగండి. ర్యామ్ 8 స్పీడ్‌లో ఫిల్టర్ ప్లాస్టిక్ పాన్‌లోనే కలిసి ఉంటుంది, అందుకే పాన్ మొత్తం మార్చాలి, బిల్లు చూసి బెంబేలెత్తకండి.

కొనేముందు గరాజ్ కొలవండి. క్రూ క్యాబ్ (నాలుగు పెద్ద తలుపులది), పొట్టి బెడ్ అయినా ఎఫ్-150 పొడవు 231.7 అంగుళాలు, ర్యామ్ 232.9, టండ్రా 233.6. గరాజ్ లోతు 20 అడుగులంటే 240 అంగుళాలు. ఎదురు గోడకి రెండో ఫ్రిజ్, బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీల అర ఉంటే బండి బయటే ఉండాలి, వడగళ్ళ వానకి అది మంచిది కాదు. ఎఫ్-150 బాడీ అల్యూమినియం, సొట్టలు తీయించడం ఉక్కు కంటే ఖరీదు. ఒంటి తలుపు గరాజ్ అయితే వెడల్పూ చూడండి. 8 అడుగుల తలుపు 96 అంగుళాలు, అద్దాలు తెరిచిన ఎఫ్-150 95.7. మడిస్తే 83.6, అప్పుడు సులువుగా పోతుంది.