ముందు ఆ 36 అక్షరాల కథ రాయి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. కాలేయ కేన్సర్ కణాల్లో సంకేతాలు మోసే ప్రోటీన్ల జన్యువులు, వాటి నకళ్లైన ఆర్ఎన్ఏ ముక్కలు రకరకాలుగా అతుక్కోవడం (స్ప్లైసింగ్) గురించి తెలుగులో రాయడానికి పూనుకున్నావు, సంతోషం. కాకపోతే ఒక్క వ్యాసంలోకి అన్ని జన్యువుల్ని లాక్కొచ్చావు. పేర్లు వరసగా వచ్చి వెళ్లిపోయాయి, ఒక్కటీ గుర్తుండలేదు. కణం మీద ఇన్సులిన్‌ను అందుకునే ప్రోటీన్, ఇన్సులిన్ రిసెప్టర్‌ను ఉంచి మిగతావన్నీ తీసెయ్. ఇన్సులిన్ పేరు వినని ఇల్లు మన దగ్గర అరుదు. పాఠకుడికి సగం దారి ముందే తెలుసు.

జన్యువులు ముక్కలుగా ఉంటాయని 1977లో రాబర్ట్స్, షార్ప్ విడివిడిగా కనిపెట్టడం, 1993లో నోబెల్ రావడం రెండు వాక్యాల్లో ముగించు. మన జన్యువుల్లో నూటికి తొంభైకి పైగా ఇలా ఒకటికి మించి ఆర్ఎన్ఏలు ఇస్తాయన్నది ఇంకో వాక్యం. అంతకుమించి చరిత్ర వద్దు. పాఠకుడు కాలేయం కోసం వచ్చాడు.

ఇక అసలు చోట నిలబడు. ఇన్సులిన్ రిసెప్టర్ జన్యువులో 22 ఎక్సాన్లు, అంటే చివరి ఆర్ఎన్ఏలోకి చేరగల ముక్కలు. పదకొండోది చాలా చిన్నది, 36 అక్షరాలే. దాన్ని కలుపుకున్న ఆర్ఎన్ఏ నుంచి వచ్చేది ‘బి’ రూపం, వదిలేసినదాని నుంచి వచ్చేది ‘ఏ’ రూపం. ప్రోటీన్‌లో ఒక్కో అమైనో ఆమ్లానికి మూడేసి అక్షరాలు. 36 మూడుతో తెగుతుంది కాబట్టి ఆ ముక్క లేకపోయినా తర్వాతి భాగం సరిగ్గానే చదవబడుతుంది. 12 అమైనో ఆమ్లాలు మాత్రం తగ్గుతాయి. ఈ లెక్క నీ వ్యాసంలో లేదు. పెట్టు. పదో తరగతి పిల్లవాడు కూడా కాగితం మీద వేసి చూసుకోగలడు.

ఆ 12 పోతే ఏమవుతుంది? ఎదిగిన మనిషి కాలేయంలో ఎక్కువగా ఉండేది బి రూపం. అది ప్రధానంగా ఇన్సులిన్ మాట వింటుంది. గర్భస్థ శిశువు కణజాలాల్లో విరివిగా కనిపించే ‘ఏ’ రూపం ఐజీఎఫ్-2 అనే, పెరుగుదలను ప్రేరేపించే హార్మోన్‌ను కూడా గట్టిగా పట్టుకుంటుంది. కాలేయ కణితుల్లో చాలావాటిలో ‘ఏ’ రూపం వాటా పెరుగుతుంది. కొన్ని కణితులు ఐజీఎఫ్-2ను కూడా స్వయంగా తయారు చేసుకుంటాయి. ఈ రెండూ పక్కపక్కన రాస్తే చాలు, పాఠకుడికి వెన్ను జలదరిస్తుంది. విశేషణాలు అక్కర్లేదు.

కారణం దగ్గర నువ్వు బాగా తడబడ్డావు. ‘జన్యువు చెడిపోయింది’ అన్నావు. ఇక్కడ జన్యువులో ఒక్క అక్షరం కూడా మారనక్కర్లేదు. 2013లో వచ్చిన పరిశోధన చూపించింది ఇదీ: కణం పైపొరలో ఉండే ఈజీఎఫ్ఆర్ అనే మరో రిసెప్టర్ నుంచి వచ్చే సంకేతం, కేంద్రకంలో ఆర్ఎన్ఏను పట్టుకునే కొన్ని ప్రోటీన్ల మోతాదును మార్చింది. దాంతో పదకొండో ఎక్సాన్‌ను వదిలేయడం ఎక్కువైంది. అంటే ఒక రిసెప్టర్ ఇంకో రిసెప్టర్ ఎలా తయారవ్వాలో నిర్ణయిస్తోంది. నీ వ్యాసానికి ఇదే ప్రాణం. ఒక పేజీ పూర్తిగా దీనికే ఇవ్వు.

‘కేన్సర్ కణం కుట్ర పన్ని’ అన్న వాక్యం కొట్టేశాను. దర్జీ పోలిక కూడా. దర్జీకి ఏం కుట్టాలో ముందే తెలుసు. ఇక్కడ అలా తెలిసినవాళ్లెవరూ లేరు. ఎక్సాన్‌ను కలపమనే ప్రోటీన్లు, వదిలేయమనే ప్రోటీన్లు ఒకే ఆర్ఎన్ఏ మీద పోటీ పడతాయి. ఎవరి సంఖ్య ఎక్కువైతే తూకం అటు మొగ్గుతుంది. “‘బి’ పోయి ‘ఏ’ వచ్చింది” అని కూడా రాయకు. రెండూ ఉంటాయి, వాటాలే మారతాయి.

ఇంకో సంగతి. ‘కాలేయ కేన్సర్ కణాలు’ అని రాసిన ప్రతిచోటా, ఎవరి కణాలు అని అడుగు. ప్రయోగశాలల్లో అందరూ వాడే హెప్-జీ2 కణాలు పదిహేనేళ్ల అబ్బాయి కణితి నుంచి వచ్చాయి. పెద్దవాళ్లలో సాధారణంగా వచ్చే కాలేయ కేన్సర్‌కు ప్రతినిధిగా వాటిని ఏళ్ల తరబడి చూపించారు. నిజానికవి హెపటోబ్లాస్టోమా, పిల్లల్లో వచ్చే కణితి. అలాగే వాడే మరో రకం కాలేయ కేన్సర్ కణాలు, హుహ్-7 మాత్రం 57 ఏళ్ల జపాన్ రోగివి. గిన్నెలో పెరిగే కణాల్లో చూసిందీ, ఆపరేషన్‌లో తీసిన కణితిలో చూసిందీ ఒకే వాక్యంలో కలిపేస్తే పాఠకుణ్ణి మోసం చేసినట్టే. పక్క కణజాలంతో పోల్చారని రాసినచోట కూడా జాగ్రత్త. ఆ పక్కది చాలాసార్లు సిర్రోసిస్ పట్టి, మచ్చలతో గట్టిపడిన కాలేయమే. ఆరోగ్యమైనది అనుకోవద్దు. (ఇది పెద్ద పెద్ద పత్రికల వార్తల్లో కూడా జారిపోతుంటుంది.)

వాటా మారడం కణితిని పెంచిందా, కణితి పెరగడం వల్ల వాటా మారిందా? ఈ ప్రశ్న వ్యాసంలో పైకే వినబడనీ. పరిశోధకులు ఈజీఎఫ్ఆర్ సంకేతాన్ని ఆపి, ఆర్ఎన్ఏను పట్టుకునే ఆ ప్రోటీన్లను ఒక్కొక్కటిగా తగ్గించి చూసింది ఎందుకో అప్పుడు అర్థమవుతుంది.

చివర్లో మందు వచ్చేస్తోందన్నట్టు రాశావు. స్ప్లైసింగ్‌ను సరిచేసే నుసినెర్సెన్ అనే మందుకు 2016లో అమెరికాలో అనుమతి వచ్చిన మాట నిజం. అది వెన్నుపాములోని నాడీకణాలు క్షీణించే జబ్బుకి, ఎక్కువగా పిల్లల్లో వచ్చేదానికి. కాలేయ కేన్సర్‌కు అలాంటి మందు ఏదీ ఆమోదం పొందలేదు. నీ వ్యాసం చదివేవాళ్లలో రోగి కొడుకు ఉంటాడు, అతను రేపు పొద్దున డాక్టర్ దగ్గర ఆ పేరు అడుగుతాడు. ఆశ చూపించాలని ఉంటే, కాలేయ కేన్సర్‌కు దారితీసే వైరస్‌ను అడ్డుకునే హెపటైటిస్-బి టీకా గురించి రాయి. వేరుశెనగ బూజులో పుట్టి అదే కేన్సర్‌కు దారితీసే విషం, అఫ్లాటాక్సిన్ గురించి రాయి. అనంతపురం పాఠకులకు ఆ పేరా పనికొస్తుంది.

కొత్త ప్రతిలో ముందు ఈజీఎఫ్ఆర్ పేజీ రాసి పంపు. మొదలు ఎలా పెట్టాలన్నది అది చూశాక మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య