అమ్మాయి ఇళ్లు డిజైన్ చేస్తానంటోందా? ముందు మీ ఇంటికి డిజైనర్‌ను ఎంచుకోనివ్వండి

ప్రశ్న: మాది తెనాలి. 200 గజాల స్థలంలో ఇల్లు కట్టుకోబోతున్నాం. ప్లాన్ కోసం ఇద్దరు ముగ్గురిని కలుస్తున్నాం. మాతోపాటు వస్తున్న మా అమ్మాయి (ఇంటర్ సెకండియర్, ఎంపీసీ) తానూ ఇళ్లు డిజైన్ చేస్తానంటోంది. బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) చేయించాలా, ఇంటీరియర్ డిజైన్ సరిపోతుందా? అసలు మన ఊళ్లలో ప్లాన్‌కు డబ్బులిచ్చేవాళ్లు ఉన్నారా?

జవాబు: ఉన్నారండీ. కాకపోతే తక్కువమంది, అదీ కాస్త గొణుక్కుంటూ ఇస్తారు. మన దగ్గర చాలా ఇళ్లు మేస్త్రి అంచనా, సిద్ధాంతి మాట, అనుమతి కోసం గీయించిన ఒక కాగితం, ఈ మూడింటి మీదే లేస్తాయి. మునిసిపాలిటీకి ఆన్‌లైన్‌లో ప్లాన్ పెట్టే ఎల్‌టీపీ (లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడు) ప్రధానంగా చూసేది సెట్‌బ్యాక్‌లు (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ), ఎత్తు వంటి నిబంధనలు. మధ్యాహ్నం ఎండ ఏ గదిలో పడుతుందో ఆ కాగితంలో ఉండదు. అది ఆలోచించేవాళ్లే డిజైనర్లు.

ఈ తేడా అమ్మాయికి తెలియాలంటే, మీ ఇంటికి డిజైనర్‌ను మాట్లాడే పనిలో ఆమెనే ముందుంచండి. డబ్బు నిర్ణయం మీది, ప్రశ్నలు ఆమెవి. త్రీడీ ఎలివేషన్లు (ఇల్లు బయటికి ఎలా కనిపిస్తుందో చూపే బొమ్మలు) చూసి మురిసిపోవద్దని మాత్రం చెప్పండి. గతంలో కట్టిన ఇంటి వర్కింగ్ డ్రాయింగులు చూపించమని అడగాలి. స్విచ్ బోర్డులు, పైపులు, మెట్ల కొలతలు విడివిడిగా గీశారా? స్ట్రక్చరల్ ఇంజినీరు ఎవరు? సాయిల్ టెస్ట్ చేయిస్తారా? మీవైపు నల్లరేగడి ఎక్కువ. తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలిచ్చే నేలలో పునాది విషయం మేస్త్రి అనుభవానికి వదిలేసేది కాదు.

ఫీజు చదరపు అడుగుకా, ఖర్చులో శాతమా? శాతమైతే మీ ఖర్చు పెరిగేకొద్దీ వాళ్ల ఫీజూ పెరుగుతుంది. సైటుకు ఎన్నిసార్లు వస్తారో, పని మొదలయ్యాక మార్పులకు వేరే డబ్బులా కాదా అన్నదీ కాగితం మీద ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, వాళ్లు కట్టించి రెండేళ్లయిన ఇంటికి వెళ్లి, వానాకాలంలో బట్టలు ఎక్కడ ఆరేస్తున్నారని ఆ ఇంటావిడను అడగమనండి. ఆ ఒక్క జవాబుతో డిజైనర్ పనితనం సగం తెలిసిపోతుంది.

ఈ తిరుగుడంతా అయ్యాక కూడా ఉత్సాహం తగ్గకపోతే బీఆర్క్ వైపే వెళ్లమంటాను. ఆమెకు నచ్చింది రంగులు, లైట్లు, వార్డ్‌రోబ్‌లే అయితే ఇంటీరియర్ డిజైన్ మంచి దారే, కాకపోతే ఆ వృత్తికి చట్టబద్ధమైన రిజిస్ట్రేషన్ లేదు. ఆర్కిటెక్టులకు 1972 నాటి చట్టం ఉంది. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్లే ఆర్కిటెక్ట్ అన్న పేరు పెట్టుకోవాలి. ఆ చట్టం ఆపేది పేరు వాడకాన్నే కానీ డిజైన్ పనిని కాదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. అంటే ఇళ్ల ప్లాన్లలో సివిల్ ఇంజినీర్లతో, డ్రాఫ్ట్స్‌మన్‌లతో పోటీ తప్పదు. డిగ్రీ ఉంది కదా అని పని దానంతట అదే రాదు.

బీఆర్క్ ఐదేళ్లు. అందులో ఒక సెమిస్టర్ ఏదైనా ఆఫీసులో ట్రైనింగ్. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉన్నాయి కాబట్టి అర్హతకు ఇబ్బంది లేదు. విజయవాడ ఎస్పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) మీకు దగ్గరే, దానికి జేఈఈ మెయిన్‌లో పేపర్ 2ఏ రాయాలి. రాష్ట్ర కౌన్సెలింగ్ సీట్లకు నాటా అనే ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష. రెండింటిలోనూ డ్రాయింగ్ ఉంటుంది కాబట్టి ఇప్పటినుంచే రోజూ పెన్సిల్ పట్టమనండి. కుర్చీ, మెట్లు, సందులో సైకిల్, కంటికి కనిపించిందల్లా గీయాలి.

డబ్బు సంగతి దాచను. మొదటి కొన్నేళ్లు జీతం సాఫ్ట్‌వేర్‌లో చేరిన తోటివాళ్ల కంటే తక్కువే ఉండొచ్చు. సొంత ప్రాక్టీసు నిలదొక్కుకోవడానికి ఇంకా టైం పడుతుంది. బంధువులు దెప్పినప్పుడు మీరు టెన్షన్ పడి ఆమెనూ టెన్షన్ పెట్టకుండా ఉండగలరా అన్నది ఇప్పుడే ఆలోచించుకోండి.

ఖరీదైన లాప్‌టాప్ ఇప్పుడే కొనకండి, మొదటి ఏడాది చాలాచోట్ల చేత్తోనే గీయిస్తారు. సీటొచ్చిన కాలేజీకి ఆ ఏడాది కౌన్సిల్ ఆమోదం ఉందో లేదో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూశాకే ఫీజు కట్టండి.