దాచిన పార్సిళ్లు, ఆడని ఆటలు

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. చిన్నప్పుడు మా పెద్దనాన్నగారింట్లో వీడియో గేమ్ ఉండేది. అన్నయ్యలిద్దరూ ఆడుతుంటే వెనకాల కూర్చుని చూసేవాణ్ని. వాళ్ల లైఫులన్నీ అయిపోతేనే నా వంతు. చాలాసార్లు ఆ వంతు వచ్చేలోపే ఇంటికి పిలుపు వచ్చేది. ఏడేళ్ల కిందట జపాన్ కంపెనీ నింటెండో చేసిన ఒక పాత గేమ్ యంత్రం, ఫ్యామికామ్ కొన్నాను. ఇప్పుడు అలాంటి గేమ్ యంత్రాలు (కన్సోళ్లు) తొమ్మిది, 200కు పైగా క్యాసెట్లు, రెండు పాత డబ్బా టీవీలు ఉన్నాయి. అన్నీ తుడిచి, జాబితా రాసి, అరల్లో సర్దుకుంటాను. ఆడేది వారానికి రెండు గంటలు కూడా ఉండదు. రాత్రి అందరూ పడుకున్నాక ఆన్‌లైన్ వేలంపాటలు చూస్తూ కూర్చుంటాను. పార్సిళ్లు ఆఫీసుకు తెప్పించుకుంటున్నాను. రెండు నెలల కిందట నా భార్యకు తెలియని క్రెడిట్ కార్డు బిల్లు ఆమె కంటపడింది. అన్నీ అమ్మేస్తేనే మాట్లాడతానంటోంది. పోయిన వారం మా ఎనిమిదేళ్ల అమ్మాయి క్యాసెట్ తీసి నోటితో ఊదుతుంటే గట్టిగా అరిచాను. ఏడ్చేసింది. నాది జబ్బా? వీటి విలువ నా భార్యకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

జవాబు: జబ్బా అన్న ప్రశ్నకు ముందే జవాబు చెప్పేస్తాను. ఆ భయం లోపల పెట్టుకుని చదివితే మిగతాదేదీ మనసుకెక్కదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో ‘గేమింగ్ డిజార్డర్’ ఉంది, 2022 జనవరి నుంచి ఆ జాబితా అమల్లో ఉంది. ఆట మీద అదుపు తప్పడం, జీవితంలో మిగతా అన్నిటికన్నా ఆటే ముందుకు రావడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం దాని లక్షణాలు. మామూలుగా 12 నెలల పాటు ఇవి కనిపిస్తేనే ఆ పేరు పెడతారు. వారానికి రెండు గంటలు ఆడే మనిషికి అది అతకదు. ఏదీ పారేయలేక ఇల్లంతా నింపేసుకునే జబ్బు వేరే ఉంది. తుడిచి, జాబితా రాసి, ఏది ఎక్కడుందో చెప్పగలిగేలా సర్దుకునే మీ పద్ధతి దానికి దూరం. అయితే మీరు నిశ్చింతగా ఉండొచ్చని మాత్రం అనలేను. ఆట మీ చేతిలోనే ఉంది. కొనడం చెయ్యి దాటింది.

ఇక మీ ఇంట్లో జరిగినదాని సంగతి. ఆ వస్తువులు ఏడేళ్లుగా మీ భార్య కళ్లెదుటే పెరిగాయి. మధ్యలో విసుక్కుని ఉండొచ్చు, దెప్పి ఉండొచ్చు. మాట్లాడటం మానేసింది మాత్రం బిల్లు చూశాకే. పార్సిళ్లు ఆఫీసుకు తెప్పించుకోవడం మొదలుపెట్టిన రోజునే, ఆవిడ వద్దంటుందని మీరే అనుకుని, ఆవిడ తరఫు జవాబు కూడా మీరే చెప్పేసుకున్నారు. అడిగే అవకాశం లేదు, కాదనే అవకాశం లేదు. కలిసి సంసారం చేస్తున్న మనిషికి అంతకన్నా చిన్నతనం ఏముంటుంది?

కాబట్టి విలువ అర్థమయ్యేలా చెప్పడమెలా అన్న ప్రశ్నను కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఇప్పుడు ఆవిణ్ని నిద్రపోనివ్వనిది ఇంకేం దాచాడో అన్న అనుమానం. అది తీరాలి. ఒక కాగితం తీసుకుని కార్డు బాకీ ఎంతో, వాయిదాలు ఎన్ని మిగిలాయో, ఎవరి దగ్గరైనా చేబదులు తీసుకున్నారేమో, దారిలో ఉన్న పార్సిళ్లేమిటో, ముగియని వేలాల్లో ఎక్కడెక్కడ పాట పెట్టి ఉన్నారో అంతా పైసాతో సహా రాయండి. ఒక్కటి మిగుల్చుకుని మిగతావన్నీ చెబితే, ఆ ఒక్కటి ఆర్నెల్ల తర్వాత బయటపడిన రోజున ఈ కాగితం కూడా అబద్ధమైపోతుంది. ఇచ్చాక మీ వాదన వినిపించకండి. ఆవిడ కోప్పడితే కోప్పడనివ్వండి. నా దగ్గరికి వచ్చే భార్యాభర్తల్లో చాలామంది తడబడేది ఇక్కడే. నిజం చెప్పిన గంటలోనే క్షమ దొరకాలనుకుంటారు. ఆవిడకు వారం పట్టొచ్చు, నెల పట్టొచ్చు.

‘వీటి ధర పెరుగుతుంది, ఇదీ పొదుపే’ అన్న మాట మాత్రం దయచేసి ఎత్తకండి. వస్తువు ఎలా పాడవుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు. ఆట ఎంతవరకు వచ్చిందో దాచుకునే పాత క్యాసెట్లలో చాలావాటిలో నాణెమంత బ్యాటరీ ఉంటుంది. అది ప్రాణం విడిస్తే ఆట నడుస్తుంది గానీ దాచుకున్నది మాత్రం చెరిగిపోతుంది. కొత్తది వేయాలంటే టంకం పెట్టాలి. 1990లో వచ్చిన సెగా గేమ్ గేర్ అనే చేతిలో పట్టుకుని ఆడే యంత్రాన్ని కదిపిన వాళ్లందరికీ లోపలి కెపాసిటర్లు (కరెంటును నిల్వ ఉంచే చిన్న భాగాలు) కారిపోయి బోర్డు తినేయడం అనుభవమే. ఏళ్లు గడిచేకొద్దీ ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. అమ్మే ఉద్దేశం లేని వస్తువుకు ధర చెప్పి లాభమనుకుంటే అది మిమ్మల్ని మీరు మోసం చేసుకోవడమే. మీకివి ఇష్టం. ఇష్టమనే చెప్పండి. ఆ మాటకు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అన్నీ అమ్మేయమన్న షరతుకు నేను ఒప్పుకోను. ఈ జవాబు మీ భార్య కూడా చదవాలని కోరుకుంటున్నాను కాబట్టి ఆవిడకే చెబుతున్నాను: అమ్మా, మీ కోపం పూర్తిగా న్యాయం. కానీ కోపంలో ఖాళీ చేయించిన అర ఖాళీగా ఉండదు. మళ్లీ కొనాలన్న కోరిక ఈసారి ఇంకా లోతుగా దాక్కుంటుంది. మీకు కావాల్సింది ఖాళీ గదా, దాపరికం లేని మొగుడా అని ఒక్కసారి ఆలోచించండి.

అంటే ఏదీ అమ్మొద్దని కాదు. బాకీ తీరాలి, అది జీతంలోంచి ఇంటి ఖర్చు కోసి తీరకూడదు. మీ జాబితా ముందు పెట్టుకుని, గత ఏడాదిలో ఒక్కసారైనా స్విచ్ వేసినవి ఏవో గుర్తు పెట్టండి. రెండేసి ఉన్నవి, ఎక్కడా దొరకవన్న ఒక్క కారణంతో కొని పెట్టె కూడా తెరవనివి బయటికి తీయండి. ఏది వెళ్లాలో ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి, చివరి మాట ఆవిడది కానివ్వండి. ఏ నాలుగైదు ఎందుకు ఉండాలో మీరు చెప్పుకోండి. బాకీ తీరేదాకా కొత్తది ఒక్కటీ వద్దు. ఆ తర్వాత నెలకింత అని ఇద్దరూ అనుకున్న మొత్తంలోనే కొనండి, పార్సిల్ ఇంటికే రానివ్వండి.

డబ్బా టీవీల సంగతి విడిగా చెప్పాలి, చాలా ఇళ్లలో అసలు గొడవ వాటి దగ్గరే మొదలవుతుంది. కొత్త టీవీ ఉండగా ఈ బండ ఎందుకని మీ భార్య అడిగితే నిజమైన జవాబు ఉంది. తుపాకీతో గురిచూసి కొట్టే పాత ఆటల్లో ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణంపాటు నల్లబడి, కొట్టాల్సిన బొమ్మ ఉన్నచోట తెల్లటి చతురస్రం వెలుగుతుంది. ఆ వెలుగును తుపాకీలోని సెన్సర్ పట్టుకుంటుంది. పలక టీవీ బొమ్మను సిద్ధం చేసుకుని చూపేసరికి ఆ క్షణం దాటిపోతుంది, అందుకే గురి తగలదు. మీట నొక్కడానికీ తెరమీద బొమ్మ దూకడానికీ మధ్య జాప్యం కూడా అందులో తెలుస్తుంది. కాబట్టి ఒక టీవీ ఉండనివ్వండి. రెండోదానికి నాకు కారణం దొరకలేదు. ఉండబోయే ఆ ఒక్కటీ తక్కువ ఎత్తున్న గట్టి బల్ల మీద, గోడవైపు ఆనించి పెట్టండి. వాటి బరువంతా ముందు అద్దంవైపే ఉంటుంది. పిల్ల పట్టుకుని లాగితే ముందుకే పడుతుంది. వెనక మూత మీరు కూడా విప్పకండి, ప్లగ్గు తీసేశాక కూడా లోపల ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు.

ఇప్పుడు రాత్రి వేలాల గురించి. మీ ఉత్తరంలో నాకు బాగా బాధనిపించిన వాక్యం మీ పెద్దనాన్నగారింటిది. అక్కడ మీరు ఆడటం కన్నా ఎదురుచూడటమే ఎక్కువ చేశారు. వేలంపాట కూడా ఎదురుచూపే. ఎవరో తప్పుకోవాలి, మీ వంతు రావాలి. పార్సిల్ చేతికొచ్చిన నిమిషంతో ఆ ఎదురుచూపు తీరిపోతుంది, మర్నాటికి ఇంకోటి కావాలి. అందుకే ఆటలు అరల్లోనే ఉండిపోతున్నాయనుకుంటున్నాను. ఫోన్ పడకగదిలోకి తీసుకెళ్లకండి. వేలం యాప్ తీసేయండి. మనసు మరీ పీకినప్పుడు అరలోంచి ఉన్నదాన్నే తీసి అరగంట ఆడండి. రెండు నెలలు గట్టిగా ప్రయత్నించాక కూడా చెయ్యి ఆగకపోతే ఉత్తరాలతో సరిపెట్టుకోకండి, మనస్తత్వ నిపుణుల్ని ఎదురుగా కూర్చుని కలవండి. ఇంట్లో తెలియకుండా రెండో కార్డు తీసుకోవాలనిపిస్తే రెండు నెలలు కూడా ఆగొద్దు.

చివరగా మీ అమ్మాయి. మీరంత గట్టిగా అరిచిన ఆ పని మీ తరం పిల్లలంతా చేసిందే, మీ అన్నయ్యలతో సహా. ఊదితే పనిచేసినట్టు అనిపించేది తీసి మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టడం వల్ల. నోటి తడి మాత్రం క్యాసెట్ అంచున ఉండే లోహపు కాళ్లకు మెల్లమెల్లగా చిలుము పట్టిస్తుంది. ఇది మీకు తెలుసు, ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. అరిచినందుకు క్షమాపణ చెప్పండి, ‘కానీ నువ్వు కూడా’ అన్న తోక తగిలించకుండా. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా మీ చేత్తో పట్టుకుని, దూదిపుల్ల తన చేతికిచ్చి, కాళ్లు తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టడం నేర్పండి. పగిలినా మీ ప్రాణం పోనివి పది క్యాసెట్లు ఏరి ఒక అర తనకు వదిలేయండి. అడాప్టర్ల మీద ఏది దేనిదో పేర్లు అతికించండి. ఫ్యామికామ్‌కు డీసీ కావాలి, అదే కంపెనీ 1985లో అమెరికాలో తెచ్చిన ఎన్ఈఎస్ అనే గేమ్ యంత్రం అడాప్టర్ ఇచ్చేది ఏసీ. తనంతట తను పెట్టినా ఏదీ కాలిపోకుండా ఉంటే మీకు అరవాల్సిన అవసరమే రాదు.

మీ దగ్గరున్నది 1983 నాటి ఎరుపు తెలుపు ఫ్యామికామ్ అయితే రెండు కంట్రోలర్లూ యంత్రానికే వైర్లతో కలిసి ఉంటాయి. రెండోదానికి మైకు ఉంది గానీ స్టార్ట్ బటన్ లేదు. ఆదివారం మీరు ఆ రెండోది పట్టుకుని కూర్చోండి. మొదటిది అమ్మాయికి ఇవ్వండి. ఏ ఆట ఎప్పుడు మొదలుపెట్టాలో, మధ్యలో ఎప్పుడు ఆపాలో తన చేతిలో ఉండనివ్వండి.